రెండు లైన్ల ఖాళీ

అసోసియేషన్ ఫారంల పదకొండో గడి:
"ఈ సీజన్‌లో జట్టు అవకాశాలు."
కింద రెండు గీతలు. అంతే జాగా.
పెన్ను పట్టుకొని కూసున్న
మౌలాలి రైల్వే క్వార్టర్ల వెనక గ్రౌండుల,
బెంచీ మీద కాదు,
బెంచీ పోయినేడే ఎవరో ఎత్తుకపోయిండ్రు,
సామాన్ల సంచి మీద.

పోయినేడు తొమ్మిది ఆడినం. తొమ్మిదీ ఓడినం.
రెండింట్ల అంపైరే జాలిపడి
ఐదో ఇన్నింగ్స్ కాడ చాలు తియ్యన్నా అన్నడు.
ఆ తర్వాత పెద్దోళ్లు ఒక్కొక్కలే జారుకున్నరు:
విఠోబాకు కానిస్టేబుల్ సెలెక్షన్,
అన్వర్‌కు నైట్ షిఫ్టు,
ఫస్ట్ బేస్ సుదర్శన్‌కు మోకాలు, ఆపైన పెండ్లి.
మిగిలింది నేను, స్కోరు బుక్కు,
పదమూడు గ్లవ్స్.
అండ్ల ఎడమచేతోడికి పనికొచ్చేది ఒక్కటే.

ఆ ఒక్కటీ ఐలేష్‌ది.
పదిహేడేండ్లు. నాచారంల వాళ్ల నాయినది చెరుకు రసం బండి.
ఎండకాలమంత గడలు మిషిన్ల తోసిన చెయ్యి
బంతిని వదిలితే
క్యాచర్ ఎడమ అరచెయ్యి రాత్రి దాకా గిలాస పట్టలేదు.
ఎటు పోతదో మాత్రం వానికీ తెల్వదు.
మొన్న ఒకటి గోడ దాటి
ఎవరింటి డాబా మీదనో ఎండుతున్న వడియాలల్ల పడ్డది.
ఆమె బంతి ఇయ్యలే;
అడగబోయిన ముగ్గురికీ మజ్జిగిచ్చి పంపింది.

ముక్తదిర్ క్యాచర్. మామ వెల్డింగు షాపుల పని.
మాస్కు కమ్మి విరిగితే తానే అతికిచ్చుకున్నడు,
అతుకు కాడ నల్లటి బుడిపె,
సరిగ్గా కుడికన్నుకు అడ్డం.
కనిపిస్తదారా అంటే
"బంతి కనిపియ్యదు సార్, వస్తున్నదని తెలుస్తది" అన్నడు.

బానోత్ కిషన్, హాస్టల్ పిల్లగాడు, షార్ట్‌స్టాప్.
నేల మీద దొర్లొచ్చే బంతి ముందట
కోడిపిల్లను పట్టబోయినట్టు వంగుతడు.
కొట్టుడే రాదు. ఎప్పుడన్న కొట్టినా
క్రికెట్ పానం కదా,
బ్యాటు పట్టుకునే ఉరుకుతడు.
ఇడువురా, ఇడువు! అని మేమందరం.
ఫస్ట్ బేస్ చేరినంక చూసుకుంటడు
చేతుల అదింకా ఉన్నదని.
అలవాటైంది ఇడువుడే ఈ ఆటల సగం విద్య.
మిగిలిన సగం
నాకూ పూర్తిగ రాలే.

"ఇదేం క్రికెట్ అన్నా?" గోడ మీద పోరలు.
పిచ్ మీద కాలు పెట్టొద్దని అవతలి జట్టు కెప్టెను.
గ్రౌండు నడుమ వాళ్ల చాప,
అందుకే మా సెకండ్ బేస్
నాలుగడుగులు పక్కకు జరిగి ఉంటది.
వేరే గ్రౌండుకు పోతే మా పోరలు
లేని బేసు కాడికే ఉరుకుతరు.

మొదటి వాన పడ్డనాడు
గూడ్సు బండి ఒకటి సిగ్నల్ కాడ ఆగింది.
తడి బంతితోని ఐలేష్
వరుసగ పదకొండు ఏసిండు,
ముక్తదిర్ గ్లవ్ జానెడు కదల్లే.
లెక్కపెట్టిన. ఎవరికీ చెప్పలే,
వానికి తెలిస్తే పన్నెండోది గోడ దాటుతది.
పక్కన కిషన్ యాభైమూడు అన్నడు.
వాడు వాగన్లు లెక్కపెడుతున్నడు.

గెలుస్తమా? రెండు గెలువొచ్చు.
అల్వాల్ జట్టు మీద ఒకటి,
వాళ్ల పిచ్చర్‌కు పరీక్షలుంటే.
ఇంకోటి ఎట్లనో ఒకట్ల.
వచ్చే ఏడు వీళ్లల్ల ఎవరుంటరో
ఏ షిఫ్టు ఎవరిని పిలుస్తదో
ఈ ఫారంల ఆ గడి లేదు.

రాసిన: పిల్లలు ఎదుగుతున్నరు.
కొట్టేసిన.
మళ్లా రాసిన:
బంతులు ఆరు, ఎడమచేతోడి గ్లవ్ ఒకటి కావలెను.
రెండో గీత అట్లనే ఇడిసిన,
అప్పటికే ముక్తదిర్ మాస్కు పైకెత్తి నిలబడ్డడు ముందట:
"జర లేస్తరా సార్,
బంతి మీ కిందున్నది."